ప్రతిదానికీ ‘ఈజంట్ ఇట్’ అనకుండా ఇంగ్లీషులో క్వశ్చన్ ట్యాగ్ సరిగ్గా పెట్టడం ఎలా?

“యూ ఆర్ ఫ్రమ్ గుంటూర్, ఈజంట్ ఇట్?”
“దే వెంట్ టు తిరుపతి, ఈజంట్ ఇట్?”
“షీ కెన్ డ్రైవ్, ఈజంట్ ఇట్?”

ఇలా మాట్లాడేవాళ్లు మన ఆఫీసుల్లో, కాలేజీల్లో కోకొల్లలు. ఇండియాలో ఎవరికీ అర్థం కాకుండా పోదు, ఎవరూ ఆపి సరిదిద్దరు కూడా. కానీ గ్రామర్ లెక్కన ఈ మూడూ తప్పే. వరసగా ‘ఆరంట్ యూ’, ‘డిడంట్ దే’, ‘కాంట్ షీ’ అని రావాలి. వాక్యం చివర తగిలించే ఈ చిన్న ప్రశ్ననే క్వశ్చన్ ట్యాగ్ అంటారు.

ఎందుకిలా అవుతుందో తెలిసిందే. నువ్వు వస్తావు కదా, వాళ్లు వెళ్లారు కదా, రేపు సెలవు కదా: వాక్యం ఏదైనా మనకు ‘కదా’ ఒక్కటి చాలు. అదే అలవాటుతో ‘ఈజంట్ ఇట్’ని పట్టుకుని అన్ని వాక్యాలకూ తగిలిస్తాం. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. లండన్ కుర్రాళ్లు ‘ఇన్నిట్’ అని ప్రతి వాక్యం చివరా అంటుంటారు, అదీ ‘ఈజంట్ ఇట్’ అరిగిపోయిన రూపమే. కాకపోతే పరీక్ష పేపర్లోనూ, ఇంటర్వ్యూలోనూ, విదేశీ క్లయింట్‌తో కాల్‌లోనూ ఈ అలవాటు మనల్ని పట్టిస్తుంది. అందుకే నేర్చుకోవడం మంచిది, పైగా అనుకున్నంత కష్టం కాదు.

ముందు వాక్యాన్ని మనసులో ప్రశ్న చేయండి

గైడ్ పుస్తకాల్లో క్వశ్చన్ ట్యాగ్స్‌కి పాతిక రూల్స్ ఇస్తారు. బట్టీ పడితే పరీక్ష హాల్లో గుర్తొస్తాయేమో గానీ, మనిషి ఎదురుగా నిలబడి మాట్లాడుతున్నప్పుడు పదిహేడో రూల్ ఎవరికీ తట్టదు. నేను చెప్పేది ఒక్కటే: ట్యాగ్‌ని బయటి నుంచి తెచ్చి అతికించకండి. మీరు ఇప్పుడే అన్న వాక్యంలోనే అది ఉంటుంది. దాన్ని బయటికి లాగాలంటే ఆ వాక్యాన్ని ఎస్ ఆర్ నో ప్రశ్నగా మార్చి చూడండి. ప్రశ్నలో ఏ మాట ముందుకొస్తే ట్యాగ్‌లో వాడాల్సిందీ అదే.

ఒక వాక్యాన్ని నెమ్మదిగా చేద్దాం. “యువర్ సిస్టర్ వర్క్స్ ఇన్ హైదరాబాద్.” మీ అక్క హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తోంది. ప్రశ్న చేస్తే “డజ్ యువర్ సిస్టర్ వర్క్ ఇన్ హైదరాబాద్?” ముందుకొచ్చిన మాట ‘డజ్’. వాక్యం పాజిటివ్ కాబట్టి ట్యాగ్ నెగటివ్‌లో ఉండాలి, అంటే ‘డజంట్’. ‘యువర్ సిస్టర్’ స్థానంలో ప్రొనౌన్ ‘షీ’. కలిపితే “యువర్ సిస్టర్ వర్క్స్ ఇన్ హైదరాబాద్, డజంట్ షీ?”

అసలు వాక్యంలో ‘డజ్’ ఎక్కడా కనిపించలేదు. ‘వర్క్స్’ చివరి ‘స్’ శబ్దంలో దాక్కుని ఉంది. ప్రశ్న చేయగానే అది బయటికి వచ్చింది, ‘వర్క్స్’ కాస్తా ‘వర్క్’ అయింది. ‘వెంట్’, ‘బాట్’, ‘రిటైర్డ్’ లాంటి మాటల్లో ‘డిడ్’ ఇలాగే దాక్కుంటుంది. “యువర్ ఫాదర్ రిటైర్డ్ లాస్ట్ ఇయర్, డిడంట్ హీ?” హెల్పింగ్ వెర్బ్ పైకే కనిపిస్తుంటే ఇంకా సులువు: “షీ కెన్ డ్రైవ్, కాంట్ షీ?”, “దే హ్యావ్ ఫినిష్డ్, హ్యావంట్ దే?”, “ఇట్ విల్ రెయిన్, వోంట్ ఇట్?” విల్‌కి నెగటివ్ ‘విలంట్’ కాదు, ‘వోంట్’. ఇది మాత్రం గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఒక చిన్న మెలిక. “షీ పుట్ ద కీస్ ఆన్ ద టేబుల్.” దీనికి ట్యాగ్ ఏమిటి? చాలామంది ‘డజంట్ షీ’ అంటారు. రోజూ పెడుతుంది అనాలంటే ‘పుట్స్’ అని ఉండేది. ‘షీ’ పక్కన ఒట్టి ‘పుట్’ ఉందంటే అది గతం. కాబట్టి ‘డిడంట్ షీ’. ‘కట్’, ‘హిట్’, ‘షట్’ కూడా ఇంతే. ‘రీడ్’ ఇంకో రకం, రాయడంలో తేడా ఉండదు, గతంలో ‘రెడ్’ అని పలుకుతాం. పేపర్లో “హీ రెడ్ ద లెటర్” అని ఉంటే ‘రీడ్స్’ కాదు కాబట్టి గతమని పట్టేయొచ్చు. “దే రీడ్ ద పేపర్” అని ఉంటే మాత్రం పక్కన ‘ఎవ్రీ డే’ ఉందా, ‘యెస్టర్‌డే’ ఉందా అని చూడాలి.

మనవాళ్లు బాగా తడబడే చోటు ఇంకొకటుంది. “వాళ్ల నాన్న డాక్టర్ కదా” అన్నప్పుడు తెలుగులో క్రియే లేదు. ఇంగ్లీషులో క్రియ లేకుండా కుదరదు, అందుకే ‘ఈజ్’ వస్తుంది: “హిజ్ ఫాదర్ ఈజ్ ఎ డాక్టర్, ఈజంట్ హీ?” తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో అనేటప్పుడు ఈ ‘ఈజ్’ గొంతులోనే మింగుడుపడిపోతుంది. అది వినపడకపోతే ట్యాగ్‌కి ఆధారమే ఉండదు. మొదట్లో వాక్యాన్ని కాస్త నెమ్మదిగా, క్రియను స్పష్టంగా పలకండి. ట్యాగ్ దానంతట అదే నోటికొస్తుంది.

తర్వాత తిప్పండి

వాక్యం అవునంటే ట్యాగ్ కాదనాలి, వాక్యం కాదంటే ట్యాగ్ అవుననాలి. “యూ ఆర్ టైర్డ్, ఆరంట్ యూ?” “యూ ఆరంట్ టైర్డ్, ఆర్ యూ?” ఇంతవరకూ స్కూల్లో చెప్పిందే.

చిక్కంతా ‘నాట్’ లేకుండానే కాదనే మాటలతో. నెవర్, హార్డ్లీ, స్కేర్స్‌లీ, రేర్లీ, సెల్డమ్, నోబడీ, నథింగ్, నో. ఇవి వాక్యంలో ఉన్నాయంటే పని అయిపోయింది, ట్యాగ్ పాజిటివ్‌లో పెట్టాలి. “హీ నెవర్ కాల్స్, డజ్ హీ?” “షీ హార్డ్లీ స్పీక్స్, డజ్ షీ?” “దేర్ ఈజ్ నో మిల్క్, ఈజ్ దేర్?” “నథింగ్ హ్యాపెన్డ్, డిడ్ ఇట్?”

‘ఫ్యూ’కీ ‘ఎ ఫ్యూ’కీ మధ్య ఆ ఒక్క ‘ఎ’ ట్యాగ్‌ని తిప్పేస్తుంది. “ఫ్యూ పీపుల్ కేమ్” అంటే ఒకరిద్దరు తప్ప ఎవరూ రాలేదని, పెదవి విరుస్తూ అనడం. ట్యాగ్ ‘డిడ్ దే’. “ఎ ఫ్యూ పీపుల్ కేమ్” అంటే కొంతమందైనా వచ్చారని. ట్యాగ్ ‘డిడంట్ దే’. ‘లిటిల్’, ‘ఎ లిటిల్’ కూడా అంతే.

అలాగని చెడ్డ అర్థమున్న ప్రతి మాటా నెగటివ్ కాదు. “హీ ఈజ్ అన్‌హ్యాపీ”, “ఇట్ ఈజ్ ఇంపాసిబుల్” వాక్యాలుగా పాజిటివే. ‘ఈజంట్ హీ’, ‘ఈజంట్ ఇట్’ అనే రావాలి.

ప్రొనౌన్ దగ్గర తెలుగు అలవాటు పక్కన పెట్టండి

ట్యాగ్‌లో పేరు రాకూడదు. “రవి ఈజ్ హియర్, ఈజంట్ రవి?” అనరు, ‘ఈజంట్ హీ’ అంటారు. ఇది అందరికీ తెలిసిందే. తెలియకుండా జరిగే పొరపాట్లు మన భాష నుంచే వస్తాయి.

మొదటిది మర్యాద. “సార్ వచ్చారు కదా” అంటాం. ‘వచ్చారు’ బహువచనం, గౌరవం కోసం. ఆ గౌరవాన్ని ఇంగ్లీషులోకి మోసుకెళ్లి “సార్ హ్యాజ్ కమ్, హ్యావంట్ దే?” అనేవాళ్లు ఉన్నారు. ఇంగ్లీషులో ప్రధానమంత్రి అయినా ‘హీ’ ఒక్కటే: “సార్ హ్యాజ్ కమ్, హ్యాజంట్ హీ?” అమర్యాదేమీ కాదు.

రెండోది ఆడ, మగ, వస్తువు తేడా. తెలుగులో అమ్మ వచ్చింది, బస్సు వచ్చింది, పిల్లి వచ్చింది, అన్నిటికీ అదే క్రియ. అందుకే హడావుడిలో అత్తయ్య ‘హీ’ అయిపోతుంది, అమ్మమ్మ ‘ఇట్’ అయిపోతుంది. మనిషి గురించి మాట్లాడుతుంటే ట్యాగ్ అనేముందు ఒక్క క్షణం ఆ మనిషి ముఖం తలుచుకోండి. చిన్నపిల్లల చిట్కాలా అనిపించినా బాగా పనిచేస్తుంది.

మిగతావి గబగబా చూసేద్దాం. ‘దిస్’, ‘దట్’ వస్తే ట్యాగ్‌లో ‘ఇట్’. ‘దీజ్’, ‘దోజ్’ వస్తే ‘దే’. ‘ఎవ్రీథింగ్’, ‘నథింగ్’ అంటే ‘ఇట్’. ‘ఎవ్రీబడీ’, ‘సమ్‌వన్’, ‘నోబడీ’ అంటే ‘దే’, అసలు వాక్యంలో ఏకవచన క్రియ ఉన్నా సరే: “ఎవ్రీబడీ నోస్ దిస్, డోంట్ దే?” ఇక్కడ ‘డజంట్’ అనకూడదు, ‘దే’కి ‘డోంట్’ కావాలి. ‘దేర్ ఈజ్’, ‘దేర్ ఆర్’తో మొదలైతే ట్యాగ్‌లోనూ ‘దేర్’ ఉంటుంది: “దేర్ ఆర్ టూ ట్రైన్స్ టు విజయవాడ, ఆరంట్ దేర్?” ‘యూ అండ్ ఐ’కి ‘వియ్’, ‘యూ అండ్ యువర్ బ్రదర్’కి ‘యూ’.

మొండి కేసులు

ఎక్కువ చోట్ల ప్రశ్న చేసి చూస్తే సరిపోతుంది. కొన్ని మాత్రం ఆ దారికి రావు, లేదా వచ్చినట్టే వచ్చి మోసం చేస్తాయి.

“ఐ యామ్ లేట్” అన్నప్పుడు ట్యాగ్ ‘ఆరంట్ ఐ’. లాజిక్ ప్రకారం ‘యామంట్ ఐ’ అనాలి, ఐర్లండ్, స్కాట్లండ్‌లలో నిజంగానే అలా అనేవాళ్లున్నారు. మనం నేర్చుకునే ఇంగ్లీషులో మాత్రం ‘ఆరంట్ ఐ’. మరీ పద్ధతిగా రాయాలంటే ‘యామ్ ఐ నాట్’. వాక్యమే నెగటివ్ అయితే గొడవ లేదు: “ఐ యామ్ నాట్ లేట్, యామ్ ఐ?”

‘లెట్స్’ తీసుకోండి. “లెట్స్ గో, షల్ వియ్?” దీన్ని పుస్తకాలు ఒక రూల్‌గా రాసి వదిలేస్తాయి. తెలుగువాళ్లకు దీన్ని గుర్తుపెట్టుకోవడానికి ఇంకా మంచి దారి ఉంది. మనకు ‘మనం’, ‘మేము’ రెండూ ఉన్నాయి, ఇంగ్లీషుకు ‘వియ్’ ఒక్కటే. “లెట్స్ గో” అంటే మనం వెళ్దాం, అందుకే ట్యాగ్‌లో ‘వియ్’ ఉంది. అదే “లెట్ అజ్ గో” అని విడదీసి, ఎవరినో బతిమాలుతున్నట్టు అంటే అర్థం మమ్మల్ని వెళ్లనివ్వండి అని. అప్పుడు చేయాల్సింది ఎదుటివాళ్లు, ట్యాగ్ ‘విల్ యూ’. ఎప్పుడు ఏది వాడాలో అనుమానమొస్తే ‘వెళ్దాం’ అనుకుంటున్నారా, ‘వెళ్లనివ్వండి’ అనుకుంటున్నారా అని మీలో మీరే అడగండి.

ఆజ్ఞలకు ‘విల్ యూ’. “ఓపెన్ ద డోర్, విల్ యూ?” “డోంట్ టెల్ ఎనీవన్, విల్ యూ?” రెండింటికీ అదే, ఇక్కడ తిప్పడం ఉండదు. పరీక్షలో ఇది రాస్తే మార్కు వస్తుంది. కానీ మేనేజర్‌తో “సెండ్ ద ఫైల్, విల్ యూ?” అన్నారంటే కాస్త పెత్తనం చేసినట్టే ఉంటుంది. ‘కుడ్ యూ’, ‘వుడ్ యూ’ అంటే మెత్తగా ఉంటుంది. ఇంటికొచ్చిన అతిథితో “కమ్ ఇన్, వోంట్ యూ?” అంటే రండి రండి అని ఆప్యాయంగా పిలిచినట్టు. ‘కాంట్ యూ’ మాత్రం విసుగు: “బీ క్వైట్, కాంట్ యూ?” కాసేపు నోరు మూసుకోలేవా అన్నట్టు.

‘హ్యావ్’ చాలామందిని తికమక పెడుతుంది. దానికి రెండు వేషాలున్నాయి మరి. ఒకటి హెల్పింగ్ వెర్బ్: “యూ హ్యావ్ సీన్ హిమ్, హ్యావంట్ యూ?” రెండోది ‘ఉంది’ లేదా ‘తిన్నాడు’ లాంటి అసలు క్రియ. “యూ హ్యావ్ ఎ కార్, డోంట్ యూ?” “హీ హ్యాడ్ లంచ్, డిడంట్ హీ?” ‘చేయాలి’ అనే అర్థంలో వచ్చే ‘హ్యావ్ టు’కి కూడా ‘డోంట్’: “వియ్ హ్యావ్ టు పే ద ఫీజ్, డోంట్ వియ్?” పాత బ్రిటిష్ పద్ధతిలో “యూ హ్యావ్ ఎ కార్, హ్యావంట్ యూ?” అనేవాళ్లు. అది తప్పు కాదు గానీ, ఇప్పుడు ‘డోంట్’ అనడమే మామూలు. ‘హ్యావ్ గాట్’ అన్నారంటే మాత్రం తప్పకుండా ‘హ్యావంట్’.

మాటల్లో కుదించుకుపోయేవి ఇంకా కష్టం. ‘హీజ్’ అని విన్నారు. అందులో ఉన్నది ‘ఈజ్’ కావచ్చు, ‘హ్యాజ్’ కావచ్చు. తర్వాతి మాట చెబుతుంది. “హీజ్ గోయింగ్” అంటే ‘ఈజ్’, ట్యాగ్ ‘ఈజంట్ హీ’. “హీజ్ గాన్ హోమ్” అంటే ‘హ్యాజ్’, ట్యాగ్ ‘హ్యాజంట్ హీ’. ‘షీడ్’ కూడా ఇంతే: “షీడ్ లైక్ సమ్ కాఫీ”లో ఉన్నది ‘వుడ్’, “షీడ్ లెఫ్ట్ బిఫోర్ టెన్”లో ఉన్నది ‘హ్యాడ్’. ‘షీడ్ బెటర్’ అంటే ఎప్పుడూ ‘హ్యాడ్’, ‘షీడ్ రాదర్’ అంటే ‘వుడ్’. ‘యూజ్డ్ టు’కి ‘డిడంట్’: “దే యూజ్డ్ టు లివ్ ఇన్ వైజాగ్, డిడంట్ దే?”

ఇక ‘ఐ థింక్’. “ఐ థింక్ హీ ఈజ్ ఎట్ హోమ్” అన్నాక ‘డోంట్ ఐ’ అనరు. నేను అనుకుంటున్నానో లేదో ఎదుటివాణ్ని అడగడంలో అర్థం లేదు కదా. అడగాల్సింది అతను ఇంట్లో ఉన్నాడా అని, కాబట్టి ‘ఈజంట్ హీ’. “ఐ డోంట్ థింక్ దే విల్ కమ్” అంటే రారని చెప్పడం, కాబట్టి ‘విల్ దే’. అనుకునేది ఇంకొకరైతే లెక్క మారుతుంది: “షీ థింక్స్ వియ్ ఆర్ లేట్, డజంట్ షీ?”

గొంతు ఎక్కడ పెంచాలి, ఎక్కడ దించాలి

రాతలో ట్యాగ్ సరిగ్గా పెట్టేవాళ్లు కూడా మాటల్లో ఇక్కడ తప్పుతారు. ట్యాగ్‌కి రెండు రాగాలున్నాయి. చివర గొంతు పైకి లేస్తే అది నిజం ప్రశ్న, మీకు ఖాయంగా తెలియదు. “ద ఇంటర్వ్యూ ఈజ్ ఆన్ ద థర్డ్ ఫ్లోర్, ఈజంట్ ఇట్?” అని రిసెప్షన్‌లో అడుగుతున్నారు, మూడో అంతస్తో కాదో అనుమానం ఉంది. అక్కడ గొంతు పెరగాలి.

గొంతు కిందికి దిగితే అది ప్రశ్నే కాదు. ఇద్దరికీ తెలిసిన సంగతికి ఎదుటివాళ్ల చేత ఊఁ కొట్టించుకోవడం. మే నెలలో రాజమండ్రి స్టేషన్‌లో పక్కనున్న ఆయనతో “ఇట్స్ వెరీ హాట్, ఈజంట్ ఇట్?” అంటే ఉష్ణోగ్రత కనుక్కోవడానికి కాదు, మాట కలపడానికి. అక్కడ గొంతు పెంచి అడిగితే ఆయన మీకు జ్వరమొచ్చిందేమో అనుకుంటాడు.

మన ‘కదా’లో కూడా ఈ రెండు రాగాలూ ఉన్నాయి. “రేపు వస్తావు కదా?” అని అనుమానంగా అనడం, “చెప్పాను కదా” అని తేల్చేయడం ఒకేలా వినిపించవు. మీ నోటికి అది వచ్చే ఉంది, ఇంగ్లీషు దగ్గరికొచ్చేసరికి అన్నిటికీ పైకి లేపేస్తున్నాం, అంతే.

పలకడంలో ఇంకో సంగతి. ‘డోంట్ యూ’ని విడివిడిగా ఎవరూ అనరు, కలిసిపోయి ‘డోంచూ’లా వినిపిస్తుంది. ‘డిడంట్ యూ’ ‘డిడంచూ’ అవుతుంది. ‘ఈజంట్ హీ’లో ‘హ’ దాదాపు పోయి ‘ఈజంటీ’లా వస్తుంది. మీరు అలాగే అనాలని లేదు, ఎదుటివాళ్లు అన్నప్పుడు పోల్చుకోగలిగితే చాలు.

జవాబు చెప్పడం: అసలు ప్రమాదం ఇక్కడే

ట్యాగ్ తప్పు పెడితే నష్టం ఒక మార్కు. జవాబు తప్పు చెబితే అర్థమే తిరగబడుతుంది.

డాక్టర్ అడిగారు: “యూ ఆరంట్ అలర్జిక్ టు పెన్సిలిన్, ఆర్ యూ?” మీకు పెన్సిలిన్ పడకపోవడమేమీ లేదు కదా అని. మనం తెలుగులో అయితే “అవునండీ, ఏమీ లేదు” అంటాం. ఆయన అన్నది నిజమే అని ఒప్పుకోవడం మన అవును. అదే ఊపులో “ఎస్” అంటే ఆయన చీటీ మీద పెన్సిలిన్ పడదు అని రాసుకుంటారు. ఇంగ్లీషులో ఎస్, నో రెండూ ఎదుటి మనిషి మాటకు కాదు, అసలు సంగతికి జవాబు. అలర్జీ ఉంటే “ఎస్, ఐ యామ్”, లేకపోతే “నో, ఐ యామ్ నాట్”. ప్రశ్న ఏ వైపు నుంచి వచ్చినా జవాబు మారదు.

వీసా ఇంటర్వ్యూలో “యూ హ్యావంట్ బీన్ రిఫ్యూజ్డ్ ఎ వీసా బిఫోర్, హ్యావ్ యూ?” అని అడిగినా, విదేశీ విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు “యూ ఆరంట్ క్యారీయింగ్ ఎనీ మీట్ ఆర్ సీడ్స్, ఆర్ యూ?” అని అడిగినా ఇదే లెక్క. ‘ఎస్’ అన్నారో, సూట్‌కేస్ విప్పి ఆవకాయ జాడీ దాకా అన్నీ బల్ల మీద పెట్టాల్సి రావచ్చు.

దీనికి మందు: ఒట్టి ఎస్, ఒట్టి నో ఎప్పుడూ అనకండి. వెనకాల రెండు మాటలు కలపండి. “నో, ఐ హ్యావంట్.” “ఎస్, ఐ డిడ్.” ఎస్ పక్కన ‘నాట్’ వచ్చిందంటే ఎక్కడో తప్పుతున్నారని మీ చెవికే తెలిసిపోతుంది. “ఎస్, ఐ హ్యావంట్” అనే మాట ఇంగ్లీషులో లేదు.

‘మైండ్’ వస్తే ఇంకా జాగ్రత్త. “యూ డోంట్ మైండ్ ఇఫ్ ఐ సిట్ హియర్, డూ యూ?” అంటే ఇక్కడ కూర్చుంటే మీకేం ఇబ్బంది లేదు కదా అని. కూర్చోమనాలంటే జవాబు “నో”. “నో, గో అహెడ్” అంటే పర్లేదు కూర్చోండి అని.

ఎక్కడ వాడాలి, ఎక్కడ మానేయాలి

ట్యాగ్ మాటల సొత్తు. అప్లికేషన్‌లో, రిపోర్టులో, రెజ్యూమెలో దానికి చోటు లేదు. ఈమెయిల్‌లో అయితే కొంచెం చేదుగా కూడా తగులుతుంది. “యూ గాట్ మై మెయిల్, డిడంట్ యూ?” అని రాస్తే మెయిల్ చూసి కూడా జవాబివ్వలేదేం అని నిలదీసినట్టుంటుంది. అక్కడ “కుడ్ యూ ప్లీజ్ కన్ఫర్మ్” అని రాయండి.

ట్యాగ్‌కి ఎంత బలముందో కోర్టులో తెలుస్తుంది. “యూ వర్ ఎట్ ద షాప్ దట్ నైట్, వరంట్ యూ?” అని లాయర్ అడిగితే జవాబు కూడా ఆయనే చేతిలో పెట్టినట్టు. ఇలా జవాబును సూచించే ప్రశ్నల్ని సొంత సాక్షిని విచారించేటప్పుడు, అవతలి పక్షం అభ్యంతరం చెబితే, కోర్టు అనుమతి లేకుండా వేయకూడదనీ, క్రాస్ ఎగ్జామినేషన్‌లో వేయవచ్చనీ 1872 నాటి సాక్ష్య చట్టం చెప్పింది. 2024 జులై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలోనూ ఆ తేడా అలాగే ఉంది. ఇంట్లో పిల్లలతో “యూ బ్రోక్ ఇట్, డిడంట్ యూ?” అని గొంతు దించి అంటే అదీ క్రాస్ ఎగ్జామినేషనే.

ట్యాగ్స్ ఎక్కువ వాడితే ధైర్యం లేనట్టు కనిపిస్తామని కొందరి భయం. 1970ల్లో రాబిన్ లేకాఫ్ అనే అమెరికన్ భాషా శాస్త్రవేత్త కూడా ఆడవాళ్ల మాటల గురించి ఇలాంటి వాదనే చేశారు. తర్వాత న్యూజిలాండ్‌లో జానెట్ హోమ్స్ నిజం సంభాషణలు పరిశీలించి, చాలా ట్యాగ్స్ అనుమానం కొద్దీ వచ్చేవి కావనీ, ఎదుటివాళ్లను మాటల్లోకి లాగడానికి వాడేవనీ చూపించారు. నా ఉద్దేశంలో హోమ్స్ చెప్పిందే నిజం. తెలుగులో కదా అనకుండా పది నిమిషాలు మాట్లాడి చూడండి, ఎంత పొడిగా ఉంటుందో.

మెత్తగా అడగడానికి ట్యాగ్‌ని మించింది లేదు. చిల్లర కావాలి. “యూ హ్యావంట్ గాట్ చేంజ్ ఫర్ ఫైవ్ హండ్రెడ్, హ్యావ్ యూ?” అనండి. మీ దగ్గర అయిదు వందలకు చిల్లర ఉండదు కదా అని మనం అడిగినట్టే, లేదనడానికి ఎదుటివాళ్లకు దారి ముందే తెరిచి పెడుతున్నాం. సాయం అడగాలన్నా అంతే: “యూ కుడంట్ డ్రాప్ మీ ఎట్ ద బస్ స్టాండ్, కుడ్ యూ?”

తిప్పకుండా పెట్టే ట్యాగ్ ఒకటి మీ చెవిన పడుతుంది. “ఓ, యూ ఆర్ గెటింగ్ మ్యారీడ్, ఆర్ యూ?” ఇది తప్పు కాదు. అప్పుడే తెలిసిన సంగతికి ఓహో, అలాగా అన్నట్టు. కానీ గొంతు కొంచెం అటూ ఇటూ అయితే వెటకారమైపోతుంది. వింటే అర్థం చేసుకోండి, మీరు వాడటానికి తొందరపడకండి.

మాట్లాడుతూ మాట్లాడుతూ ట్యాగ్ తట్టకపోతే? ఆగి తడుముకోకుండా ‘రైట్?’ అనేయండి. అమెరికాలో అందరూ అంటారు, ఏ వాక్యానికైనా సరిపోతుంది. తప్పు ట్యాగ్ కంటే అదే నయం. ప్రతి వాక్యానికీ అనకుండా చూసుకోండి చాలు. పరీక్షలో మాత్రం ఈ వేషం చెల్లదు. అక్కడ రాసేటప్పుడు ట్యాగ్ ముందు కామా, చివర క్వశ్చన్ మార్క్, ‘ఈజ్ నాట్ హీ’ అని విడదీయకుండా ‘ఈజంట్ హీ’ అని కుదించి రాయడం, కామా తర్వాత చిన్న అక్షరంతో మొదలుపెట్టడం మర్చిపోకండి. ‘నాట్’ విడిగానే రాయాలనుకుంటే అది ప్రొనౌన్ తర్వాతే రావాలి: ‘ఈజ్ హీ నాట్’.

చేసి చూడండి

కింది వాక్యాలకు పైకి చదువుతూ ట్యాగ్ పెట్టండి. జవాబులు తర్వాత చూద్దురు గానీ.

“నోబడీ కాల్డ్ మీ.”
“షీడ్ బెటర్ సీ ఎ డాక్టర్.”
“దోజ్ మ్యాంగోస్ ఆర్ ఫ్రమ్ నూజివీడు.”
“ఐ డోంట్ థింక్ ద బస్ విల్ కమ్ నౌ.”
“హీ కట్ హిస్ ఫింగర్.”
“హీజ్ నెవర్ ఈటెన్ గోంగూర.”

మొదటిదానికి ‘డిడ్ దే’, నోబడీ ఉంది కాబట్టి. రెండోది ‘హ్యాడంట్ షీ’. మూడోది ‘ఆరంట్ దే’. నాలుగోది ‘విల్ ఇట్’, అడుగుతున్నది బస్సు గురించే. అయిదోది ‘డిడంట్ హీ’, ‘కట్స్’ అని లేదు మరి. ఆరోదాంట్లో రెండు మెలికలున్నాయి: ‘ఈటెన్’ వచ్చింది కాబట్టి ‘హీజ్’లో ఉన్నది ‘హ్యాజ్’, ‘నెవర్’ ఉంది కాబట్టి తిప్పితే పాజిటివ్. ‘హ్యాజ్ హీ’. ఈ ఆరోది మొదటిసారే సరిగ్గా వచ్చిందంటే ఇక గైడ్ పుస్తకం మూసేసి, ఎవరితోనైనా మాట్లాడటం మొదలుపెట్టండి.